రెండు గంటల ఫుర్సత్



కథ రాయడానికి ఎంత వక్త్ కావాలి అని ఎవరైనా అడిగితే ఇదివరకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. జొహర్ నమాజ్ అయ్యాక నాలుగు వాక్యాలు రాసేదాన్ని. పిల్లల స్కూలు ఆటో వచ్చేలోపు ఇంకో రెండు. కుక్కర్ విజిల్‌కి లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చునేసరికి కథలో అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో నాకే యాద్ ఉండేది కాదు. ఒక కథయితే రంజాన్‌లో మొదలై బక్రీద్ దాటాక పూర్తయింది.

మంటో తన కథల గురించి రాసుకున్న వ్యాసంలో, పిల్లలు గోల చేస్తుంటే వాళ్ల తగవులు తీరుస్తూనే కథలు రాస్తానని చెప్పుకున్నాడు. చదివినప్పుడు భలే ఖుషీ అనిపించింది. ఆ వెంటనే ఒక సందేహమూ వచ్చింది. తగవులు సరే, దస్తర్‌ఖాన్ ఎవరు ఎత్తేవారు?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. మామూలుగా పిల్లలకు వ్యాసరచన, క్విజ్ లాంటివి పెడుతుంటారు. ఒకసారి మా దగ్గర పెద్దవాళ్లకు కూడా కథల పోటీ పెట్టారు. అంశం అక్కడే ఇస్తారు, రెండు గంటల్లో రాసి ఇచ్చేయాలి. ఈ మాట ఇంట్లో చెబితే మా సాస్ ఒకటే నవ్వు. "దో ఘంటే మే కహానీ? దో ఘంటే మే తో బిర్యానీ భీ నై హోతీ!" అన్నారు. మా ఆయన మాత్రం, "మధ్యాహ్నం రెండింటికే కదా, నాలుగింటికి అయిపోతుంది. అసర్‌కి ఇంటికొచ్చేస్తావ్, జా" అన్నారు. ఇజాజత్ దొరికింది.

ఇలాంటి పోటీలు లోకంలో చాలానే ఉన్నాయని మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చూపించింది. కెనడాలో 1977లోనే మూడు రోజుల్లో నవల రాసే పోటీ మొదలైంది. న్యూయార్క్ పేరుతో నడిచే ఒక పోటీలో ఎలాంటి కథ రాయాలో, అది ఎక్కడ జరగాలో, అందులో ఏ వస్తువు ఉండాలో వాళ్లే చెప్పి 48 గంటల గడువు ఇస్తారు. మన పక్కన కేరళ స్కూలు కళోత్సవంలో కథారచన కూడా ఒక పోటీ. మలయాళంలోనే కాదు, ఉర్దూలో రాసే పిల్లలకూ ఉంది. అది చదివి నాకు కొంచెం హౌస్లా వచ్చింది.

పోటీ హాల్లో ఫోన్లు తీసుకుని పక్కన పెట్టారు. కాగితాల మీద పేరు రాయకూడదు, నంబరు మాత్రమే వేయాలి. నాది 14. బోర్డు మీద అంశం రాశారు: తాళంచెవి.

మొదటి పావుగంట ఒక్క అక్షరం రాయలేదు. అంశం దొరక్క కాదు. నా చెవులు ఎవరో పిలుస్తారని ఇంతెజార్ చేస్తున్నాయి. ఇన్నేళ్ల అలవాటు. "అమ్మీ, నా సాక్సులేవి?" అని గానీ, "బహూ, చాయ్" అని గానీ వినపడాలి. ఏమీ వినపడలేదు. ఫ్యాను తిరుగుతోంది, పక్కనున్న అమ్మాయి పెన్ను చప్పుడవుతోంది, అంతే. అప్పుడు లెక్క వేసుకున్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో, మెలకువగా ఉండి, ఎవరూ నన్ను పిలవని రెండు గంటలు నాకు ఎప్పుడు దొరికాయి? గుర్తు రాలేదు. హాల్లో ఉన్నవాళ్లంతా టైమ్ చాలదని గడియారం చూస్తున్నారు. నాకేమో ఇంత ఫుర్సత్ ఏం చేసుకోవాలో తెలియలేదు.

తాళంచెవి అనగానే మా అమ్మీ సందూక్ గుర్తొచ్చింది. దాని చాబీ ఎప్పుడూ చీర కొంగుకే ఉండేది. నిద్రలో కూడా విప్పేది కాదు. అందులో బంగారం ఉందని మా భాయ్‌లకు అనుమానం, దుకాణం కాగితాలున్నాయని భాభీకి అనుమానం. అమ్మీ పోయిన రోజు తెరిచి చూస్తే మక్కా నుంచి తెచ్చుకున్న కఫన్ గుడ్డ, చిన్న అత్తర్ సీసా, జేబురుమాలులో మూటగట్టిన డబ్బు ఉన్నాయి. ఆ డబ్బు తన మయ్యత్ ఖర్చుకు. అది ఎవరి మీదా పడకూడదని నెలనెలా దాచుకుంది.

అమ్మీ పోయి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఈ కథ ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్క లేదు. సందూక్ మూత ఎత్తే చోటికి వచ్చేసరికి ఎవరో ఒకరు పిలిచేవారు. లేచి వెళ్లిపోయేదాన్ని. ఆ హాల్లో ఎవరూ పిలవలేదు. మూత ఎత్తక తప్పలేదు. రాస్తుంటే కళ్లు నిండాయి, చున్నీతో తుడుచుకుని రాశాను. పక్కనున్న అమ్మాయి నన్ను చూసి, ఏమీ అనకుండా తన నీళ్ల బాటిల్ నా వైపు జరిపింది.

ఒక్క మాట దగ్గర మాత్రం పెన్ను ఆగింది. 'అమ్మ' అని రాయాలా, 'అమ్మీ' అని రాయాలా? అమ్మ అని రాస్తే 14వ నంబరు ఎవరైనా కావచ్చు. అమ్మీ అని రాసిన మరుక్షణం ఆ నంబరుకి ఒక ఇల్లు, ఒక గల్లీ, ఒక మజీద్ వచ్చేస్తాయి. ఇంట్లో అయితే ఈ గుడి దీర్ఘం గురించే రెండు రోజులు సోచాయించేదాన్ని. కఫన్ అంటే వాళ్లకు తెలుస్తుందా, బ్రాకెట్లో అర్థం ఇవ్వాలా, సందూక్ బదులు పెట్టె అంటే సరిపోదా అని. అక్కడ అంత టైమ్ లేదు. అమ్మీ ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడింది. తెలుగు తెలుగులాగే నడిచింది, మధ్యలో ఉర్దూ మా ఇంట్లో వచ్చినట్టే వచ్చింది. నాలుగింటికి పది నిమిషాలుండగా ఆరు పేజీలు ముగిశాయి. ఫోన్‌లో టైప్ చేసి చేసి పెన్ను అలవాటు తప్పిన వేళ్లు ఒకటే నొప్పి.

మొదటి మూడు బహుమతుల్లో నా కథ లేదు. ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు, రెండు పుస్తకాలు. కథలు దిద్దిన పెద్దాయన, "రెండు మూడు మాటలు నాకు తెలియలేదమ్మా. కానీ ఎక్కడా ఆగలేదు, చివరిదాకా చదివేశాను" అన్నారు. అదే నాకు పెద్ద ఇనామ్.

ఎవరైనా పోటీకి వెళ్తుంటే నాకు తెలిసింది చెబుతాను. మనుషుల్ని ముగ్గురికి మించనివ్వకండి. కథను ఒకే ఇంట్లో, ఒకే పూటలో జరగనివ్వండి. ఎక్కడ ముగుస్తుందో తెలుసుకున్నాకే మొదటి వాక్యం రాయండి. చివరి పది నిమిషాలు చదువుకోవడానికి ఉంచుకోండి.

పోటీ అయ్యాక ఇంట్లో ఒక మాట అడిగాను. ప్రతి ఇత్వార్ రెండు నుంచి నాలుగు దాకా నన్ను ఎవరూ పిలవొద్దని. మొదటి వారం అరగంటకోసారి తలుపు తట్టారు. రెండో వారం తక్కువైంది. ఇప్పుడు పిల్లలు గోల చేస్తే మా సాసే, "చుప్! తుమారీ అమ్మీ లిఖ్రీ" అంటున్నారు. ఆ మాట తలుపు అవతలి నుంచి వింటుంటే ఎంత ఖుషీగా ఉంటుందో చెప్పలేను.

మీ ఇళ్లలో కూడా వంటింటి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఏదో రాసుకునే ఒక బీవీ, ఒక బేటీ, ఒక ఆపా ఉండొచ్చు. వాళ్లకు కొత్త పెన్ను, మంచి డైరీ తోఫాగా ఇస్తే మంచిదే. అంతకంటే ముందు రెండు గంటలు ఇచ్చి చూడండి. ఆ రెండు గంటలూ చాయ్ మీరే పెట్టుకోండి.