డిక్ పెళ్లి, మన కిక్రి

పోస్ట్ కొంచెం పెద్దగున్నది, ఓపికతో చదవండి.

మేం నలుగురం, ఒకటే హాస్టల్ రూమ్, అందరం ఉట్నూరు దిక్కు ఊర్లోళ్లం. పోయిన వానకాలంలో కాలేజీ లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లిష్ నవల తెచ్చుకున్నం. థామస్ హార్డీ రాసిన 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ', 1872లో అచ్చయింది. హార్డీ అంటే ఏడుపే అని సీనియర్లు భయపెట్టిన్రు. ఇది మాత్రం నవ్వించే ప్రేమకథ, చివర్ల పల్లెటూరి పెళ్లి. ఒకరు చదివితే ఇంకొకరు తెలుగుల చెప్పుడు, జోకులు మాత్రం గోండిలనే.

ఇంగ్లండ్‌లో మెల్‌స్టాక్ అని ఒక ఊరు. క్రిస్మస్ ముందురాత్రి ఫిడేళ్లు పట్టుకొని ఇంటింటికీ పోయి పాడే గుంపు ఉంటది. అందులో డిక్ డ్యూయీ ఒకడు, బండి మీద సరుకులు చేరేసే ఆయన కొడుకు. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఫ్యాన్సీ డే కిటికీలో కనబడంగానే పిలగాని పని ఖతం. కాసేపటికి గుంపులో డిక్ లేడు. వెతుక్కుంట పోతే, ఆ కిటికీ దిక్కు చూసుకుంట చెట్టుకు ఆనుకొని నిలబడి ఉన్నడు. మా రూములో ఒకనికి ఇప్పుడు 'డిక్' అనే పేరు పడ్డది. ఎవరో చెప్పం.

ఫ్యాన్సీ నాయన దొర అడవికి కాపలాదారు. బిడ్డను డబ్బున్న రైతుకు ఇయ్యాలని ఆయన పట్టు. ఊరోళ్లు మంత్రగత్తె అనుకునే ఒకామె చెప్పిన ఉపాయంతోని ఫ్యాన్సీ తిండి మానేస్తది. తండ్రి దిగొస్తడు. పెళ్లినాడు పెళ్లికొడుకు లేటు! తేనెటీగలు గూడు విడిచి లేచినయని, వాటిని పట్టి కొత్త పెట్టెలో పెట్టి వచ్చిండు. తేనె తీసే ఇండ్లల్ల పుట్టినోళ్లం, ఈ ముచ్చట మాకు ఎవరూ విడమరిచి చెప్పే పని పడలే.

అయితే పెళ్లి విందుకాడ ఒక మాట దగ్గర ఆగిపోయినం. ఫ్యాన్సీ తన నాయనకు, మామకు ముందే గట్టిగ చెప్పి పెడ్తది: పాతకాలపు పల్లె మాటలు మాట్లాడొద్దు, తాగినంక చేత్తో మూతి తుడుచుకోవద్దు అని. చదువుకున్నోళ్ల ముంగట నామోషీ అంట. మేం నలుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. హాస్టల్‌కు అమ్మానాన్న వచ్చినప్పుడు "ఇక్కడ గోండి వద్దు, తెలుగుల మాట్లాడుండ్రి" అని మెల్లగ చెప్పనోళ్లం మాలో ఎవరున్నరు?

ఇంకో సంగతి. చర్చిలో ఏండ్లకేండ్లు వాయించిన ఆ ఫిడేలు గుంపును తీసేసి, ఆర్గన్ పెట్టాలనుకుంటడు పాస్టరు. గుంపు పెద్దలు పోయి కొట్లాడరు. పోవుడు ఎట్లాగూ తప్పదు, ఏ పేరూ లేని ఆదివారం కాకుండ ఒక పండుగ నాడు గౌరవంగ పోతం అని అడుగుతరు, అంతే. తర్వాత చర్చిలో తలా ఒక దిక్కు కూసుంటరు, చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక. ఆ ఆర్గన్ వాయించేది ఎవరనుకున్నరు? మనం ఇంతసేపు మెచ్చుకున్న టీచరమ్మనే. హార్డీ తాత, నాయన స్టిన్స్‌ఫోర్డ్ చర్చిలో ఇట్లనే వాయించినోళ్లు. హార్డీ కూడ చిన్నప్పుడు ఊరి పెళ్లిళ్లల్ల ఫిడేలు వాయించిండు. అందుకే ఆ చేతుల సంగతి ఆయనకు తెలుసు.

ఆ చేతులు మాకూ తెలుసు. పోయిన ఎండాకాలం మాలో ఒకరి అన్న పెళ్లి. పర్ధాన్ తాత కిక్రి పట్టుకొని వచ్చిండు, తోడుగ పెప్రె ఊదే ఆయన, డోలు ఆయన. అప్పటికే టౌను నుంచి డీజే దిగింది. "తాతా, జర కూసో, ఇదైనంక నువ్వు" అన్నం. అన్నది పెద్దలు కాదు, మేమే. డీజే బందయ్యేసరికి రాత్రి రెండు దాటింది. అప్పటిదాకా తాత పందిరి గుంజకాడ, గుడ్డల చుట్టిన కిక్రి ఒడిలో పెట్టుకొని కూసున్నడు. తెల్లారి చూస్తే లేడు.

ఆ పేజీ చదివినంక రూములో ఎవరూ మాట్లాడలే. చివరికి మాలో ఒకడే అన్నడు: "నేను పర్ధాన్‌నే కదరా. నాకు కమాను పట్టుడు కూడ రాదు." మన సగల పుట్టుక కథలన్నీ ఆ మూడు తీగల మీద పాడి మనదాకా తెచ్చినోళ్ల ఇంటి పిలగాడు వాడు.

సెలవులల్ల నలుగురం తాత ఇంటికి పోయినం. తప్పయింది తాతా అన్నం. ఆయన కోపం చెయ్యలే. "కూసోమన్నందుకు బాధ లేదు బిడ్డా, కూసోబెట్టి మర్చిపోయిన్రు, గదే" అన్నడు. మావాడు ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్లా తాతకాడికి పోతున్నడు. ఇప్పటికైతే కిక్రి పిల్లిలెక్క అరుస్తది, తాత నవ్వుతడు.

వచ్చే ఏప్రిల్‌ల ఇంకో అన్న పెళ్లి ఉంది. డీజే వద్దని మేం అనం, ఎగిరేది ముందు మేమే. కానీ రాత్రి తొమ్మిది దాకా పందిరి తాతది, తర్వాతనే బాక్సులు. అన్న ఒప్పుకుండు. వదిన వైపోళ్లతో ఇంకా మాట్లాడాలె. నవలలో లీఫ్ అని ఒక అమాయకుడు ఉంటడు. పెళ్లి ఊరేగింపుల నన్నూ కలుపుకోండ్రి అని అడిగితే కాదనకుండ కలుపుకుంటరు. మన తాత ఆ మాట కూడ అడగడు. మనమే పోయి పిలవాలె.

మీ ఊర్ల పెళ్లిళ్లల్ల ఎట్ల చేస్తున్నరో రాయండి. వదిన వైపోళ్లకు చూపెట్టేటందుకు మాకూ పనికొస్తది.