పాల డబ్బా ఎన్ని రోజులొస్తది?

"ఆవు పాలు మంచివా, డబ్బా పాలు మంచివా" అని అడిగేవాళ్లంతా ఒకే ప్రశ్న అడగడం లేదు. చిక్కడపల్లి ఫ్లాట్లలో అడిగితే అది ఏ కంపెనీది కొనాలనే ముచ్చట. అశోక్ నగర్ నాలా పక్క బస్తీలో అడిగితే రేపటి సంది పనికెట్ల పోవాలనే ముచ్చట.

మా గల్లీలో ఒక పిల్ల ఉంది. పేరు రాయను. అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్, చిక్కడపల్లిలో రెండిళ్లు చేస్తది. బిడ్డకు రెండు నెలలు నిండకముందే ఒకింటి నుంచి ఫోన్. రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారట. "అక్కా, డబ్బా తేవాల్నా, ఆవు పాలు పోయించుకోవాల్నా?" అని నన్నడిగింది.

డాక్టర్లు చెప్పేది ముందే చెప్పేస్తా. ఇందులో రాజకీయం కలిపి తల్లుల్ని ఆగం చేయొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే. అవి అందకపోతే డబ్బా పాలు. ఆ వయసులో ఆవు పాలు, బర్రె పాలు వద్దు, నీళ్లు కలిపినా వద్దు. తల్లిపాల కంటే ఆవు పాలలో ప్రొటీన్ మూడింతలు, పసికందు కిడ్నీలకు అది బరువు. ఐరన్ దాదాపు ఉండదు. కొందరు పిల్లలకు పేగుల్లో కంటికి కనపడకుండా నెత్తురు కూడా పోతది. ఆరు నెలలు దాటి, తల్లిపాలు లేని పిల్లలకు అన్నం, పప్పు, గుడ్డుతో పాటు మామూలు పాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అమెరికా పిల్లల డాక్టర్లు మాత్రం ఏడాది దాకా ఆగమంటారు. మన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క. దానికి పాలే కారణమనను. కానీ ఐరన్ లేని పాలతో కడుపు నింపే స్థోమత మన పిల్లలకు లేదు.

సరే, డబ్బా. 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా. రెండు నెలల బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగితే 25 చెంచాలు, వంద గ్రాముల పైనే. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు రాదు. నెలకు ఎనిమిది డబ్బాలు. ఒక్కింట్లో పని చేస్తే ఆమెకు ఇచ్చేది రెండున్నర వేలు. అప్పుడేం జరుగుతది? చెంచాలు తగ్గుతయి, నీళ్లు పెరుగుతయి. బిడ్డ ఏడుపు ఆపుతది, బరువు పెరగదు. "చదువు లేక పల్చగ కలుపుతున్నారు" అని రాసేటోళ్లు ఈ కూడిక ఒక్కసారి చేసి చూడాలె.

ఆమె పనిచేసే ఇంటి పెద్దావిడ, "ఆవు పాలు సాత్వికం, నీళ్లు కలిపి పట్టు" అన్నదట. మా ఊళ్లో ఆవు చచ్చినప్పుడు మా తాతను పిలిచేటోళ్లు. పాలు పిండేటప్పుడు ఎవరూ పిలవలేదు. అందుకేనేమో, ఆ సాత్వికం ముచ్చట నాకు చెవికెక్కదు.

ఇంకో సంగతి. అప్పు చేసి పోయిన నర్సింగ్ హోంలో ఆమెకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లి రొమ్ము పట్టించకముందే, ఎవర్నీ అడగకుండా, రాత్రే పొడి పాలు పట్టేశారు. బయటికొచ్చేటప్పుడు చీటీ మీద డబ్బా పేరు. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992లోనే వచ్చింది. ప్రకటన చేయొద్దు, ఉచిత శాంపిల్ ఇవ్వొద్దు, డబ్బా మీద పాప బొమ్మ వేయొద్దు. బొమ్మయితే పోయింది. చీటీ పోలేదు.

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు కోసం మాట్లాడారు. ఇవాళ చట్టం 26 వారాల సెలవు అంటది, అదీ పది మంది పనిచేసే చోట. ఇళ్లల్లో బోళ్లు తోమే మనిషి ఏ పది మందిలో లెక్క? ఆమె తుడిచే హాస్టల్‌లో గ్రూప్స్ చదివే ఆడపిల్లలు ఆర్టికల్ 42 కంఠస్థం పడుతుంటారు. ప్రసూతి సాయం రాజ్యం బాధ్యత అని.

వాళ్లతోనే మాట్లాడాం. మంచి పిల్లలు, వార్డెన్ దగ్గరికి పోయి పట్టుబట్టారు. పదకొండింటికి అత్త బిడ్డను తీసుకొస్తది, స్టోర్ రూంలో కూసొని పాలిస్తది. పొద్దున పాలు పిండి, ఉడకబెట్టిన స్టీలు గిన్నెలో మూతపెట్టి పోతది. మామూలు రోజుల్లో నాలుగు గంటలు ఆగుతయి. ఏప్రిల్ ఎండలో, రేకుల గదిలో ఆ లెక్క నమ్మకండి. సీసా వద్దు, ఉగ్గుగిన్నె కడగడం తేలిక. డబ్బా రోజుకు ఒక్క పూటకే, కాచిన నీళ్లతో, చెంచా తగ్గకుండా. ఇప్పుడు డబ్బా రెండు వారాల పైనే వస్తుంది.

చిక్కడపల్లిలో ఒకిల్లు మాత్రం పోయింది. నారాయణగూడ, హిమాయత్ నగర్ వైపు మీకు తెలిసినోళ్ల ఇంట్లో పని ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. పొద్దున తొమ్మిదిలోపు అయిపోయే పనైతే మేలు.