గ్రీజు కాదు, ఆయిలు

స్పోర్ట్స్ కారు మీద ఏదైనా రాయమన్నారు ఎడిటరుగారు. శ్రీకాకుళం జిల్లాలో స్పోర్ట్స్ కారు ఎక్కడిదండీ అంటే, "మీ మావయ్యగారి పాత కారేదో రిపేర్లో ఉందన్నావు కదా, అది చూసి రా" అని ఫోన్ పెట్టేశారు. మావయ్యది స్పోర్ట్స్ కారు కాదు. మద్రాసు శివార్లలో, వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్. నాలుగు తలుపులది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా తయారుకాలేదు.

అయినా ఎడిటరుగారి మాట మరీ వమ్ము కాలేదు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. దాన్ని గీసింది ఇటలీవాడు జొవాన్ని మికెలోట్టి. అదే కంపెనీ అదే మనిషి చేత గీయించిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 1962లో వచ్చింది. పైన ఒంపులు కొత్తవి, కింద ముందు చక్రాల సస్పెన్షన్ మాత్రం హెరాల్డ్‌దే. లోటస్ ఎలాన్ అనే మరో స్పోర్ట్స్ కారుకి కూడా ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ ట్రయంఫ్ ఇంటినుంచే వెళ్లింది. కాబట్టి సోంపేటలో డాక్టరీ చేసి రిటైరైన మావయ్య, తనకు తెలియకుండానే, ఇన్నేళ్లూ స్పోర్ట్స్ కారు కాళ్ల మీదే తిరిగారు.

ఆ కాళ్లు ఇప్పుడు కాశీబుగ్గలో ఒక రేకుల షెడ్డులో గోనెసంచి మీద పరిచి ఉన్నాయి. షెడ్డుకి బోర్డు లేదు. ఒక పక్క లారీల కమాన్ కట్టలు చేసే కొలిమి, రెండో పక్క జీడిపప్పు కార్ఖానా గోడ. పలాస-కాశీబుగ్గలో ఎక్కడ నిలబడ్డా కాలిన జీడిపిక్క వాసన వస్తుంది గానీ, ఇక్కడ అది బ్రేకాయిలు వాసనతో కలిసి గొంతులో పట్టేస్తుంది. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బరంపురంలో ఒక తెలుగాయన దగ్గర పని నేర్చి, లారీలు చేస్తూనే ఈ చుట్టుపక్కల డాక్టర్ల, ప్లీడర్ల కార్లు చూస్తూ వచ్చాడు. నేను వెళ్లేసరికి బోనెట్ ఎత్తి ఉంది. హెరాల్డ్‌కి బోనెట్టూ మడ్‌గార్డులూ ఒకే ముక్కగా ముందుకి తెరుచుకుంటాయి. ఆయన ముందు టైరు మీద స్టూలు మీద కూర్చున్నట్టే కూర్చుని ఇంజను చూస్తున్నాడు.

"ఏటి బాబూ, ఫొటోలకా?" అన్నాడు. "రంగు తరవాత. ముందు ఆగడం సూడాల."

రంగు సంగతి మా మావయ్య పుణ్యం. మనవరాలి పెళ్లికి హెరాల్డ్‌లో ఊరేగించాలని ఆయన ముచ్చట. బంపర్లకు నికెల్ పాలిషు, సీట్లకు కొత్త రెగ్జిన్, తలుపులకు రంగు అంటూ తిరిగారు. నగరంలో ఒక పెద్ద గ్యారేజీలో "ఫుల్ సర్వీసు" కూడా చేయించారు. అక్కడినుంచి తెచ్చిన కారు ఇంటి సందులో మలుపు తిప్పుతుంటే స్టీరింగు పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చాడు మేస్త్రీ.

ఎందుకు పట్టేసిందో ఆయన చేతులు చూస్తూ తెలుసుకున్నాను. హెరాల్డ్ ముందు చక్రం ఒక నిలువు ఇనప కడ్డీకి బిగించి ఉంటుంది. ఆ కడ్డీ కింది కొసన థ్రెడ్డు ఉంటుంది. అది ఒక ఇత్తడి దిమ్మలోకి, సీసా మూత బిగించినట్టు, తిరుగుతూ దిగుతుంది. ఇంజనీర్లు ట్రనియన్ అంటారు, మేస్త్రీకి అది ఇత్తడి దిమ్మ. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఇనుము ఇత్తడిలో తిరుగుతుంది. కారు ముందు భాగం బరువంతా ఆ మర మీదుగానే అటూ ఇటూ ఒరుసుకుంటుంది. అక్కడ వేయాల్సింది 90 నంబరు గేరాయిలు. గ్రీజు వేస్తే థ్రెడ్డు అడుగుదాకా దిగదు, పైనే గడ్డకట్టి కూర్చుంటుంది. సందులో నీళ్లు చేరతాయి, ఇనుము తుప్పుపట్టి సన్నబడుతుంది, ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. విరిగేది ఎక్కువగా నెమ్మదిగా పోతూ స్టీరింగు మొత్తం తిప్పినప్పుడే. స్పిట్‌ఫైర్‌కీ ఇదే జబ్బు.

"ఎవుడో గ్రీజు కుక్కీసినాడు" అన్నాడు మేస్త్రీ, దిమ్మలోంచి వేలితో నల్లటి ముద్ద తీసి నా ముందు పెడుతూ. మైనంలా ఉంది. "ఇది గ్రీజు తినే దిమ్మ కాదు బాబూ. ఆయిలు తాగుతాది. బరంపురంలో మా గురువు మొట్టికాయ ఎట్టి మరీ సెప్పినాడు."

తరవాత చేసిన పని నాకు బాగా నచ్చింది. రెండు నిలువు కడ్డీలనూ శుభ్రంగా కడిగి, కిరసనాయిలు పట్టించి, కాసేపు వదిలేశాడు. గుడ్డతో పొడిగా తుడిచి, బడిలో వాడే సుద్దముక్కను పొడిచేసి పైన అద్దాడు. ఇద్దరం టీ తాగాం. వచ్చి చూస్తే ఎడమ కడ్డీ మీద, థ్రెడ్డు మొదలయ్యే చోట, తెల్లటి పొడిలో వెంట్రుకంత సన్నటి గీత తడిసి కనబడుతోంది. పగుల్లోకి దూరిన కిరసనాయిలును సుద్ద పైకి పీల్చుకుందన్నమాట. మావయ్య ఆ చక్రం మీద మనవరాల్ని ఊరేగించబోయారు.

మారు కడ్డీ కోసం ఏ కంపెనీకీ రాయలేదు. రాసినా ఎవరున్నారు? వండలూరు ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలైంది. 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 ఆ కంపెనీకి చివరి దెబ్బ. మేస్త్రీ అటకమీంచి ఒక గోనెమూట దించాడు. ఎప్పుడో తుక్కుకింద కోసేసిన హెరాల్డ్‌లోంచి తీసి ఆయిలు పూసి దాచిన సామాన్లు. కడ్డీ దొరికింది. దిమ్మలు మాత్రం రెండూ అరిగిపోయాయి, కొత్తవి తిప్పించాలి.

దానికి టెక్కలి వెళ్లాం. టెక్కలి నీలం గ్రానైట్ దేశాలు దాటి పోతుంది. ఆ రాయి కోసే మిషన్లు చెడిపోతాయి కాబట్టి టెక్కలిలో మంచి లేతులున్నాయి, లేతు మీద మంచి చేతులున్నాయి. హెరాల్డ్ దిమ్మల్లో ఒకవైపుది కుడి థ్రెడ్డు, రెండో వైపుది ఎడమ థ్రెడ్డు. కుడి థ్రెడ్డు ఏ టర్నరైనా తీస్తాడు. ఎడమది తీయాలంటే పనిముట్టు మామూలుగా నడిచే దిక్కుకి ఎదురు నడవాలి, అదీ అడుగు మూసి ఉన్న రంధ్రంలో, కంటికి కనబడకుండా. అక్కడి టర్నరు ఒక్కో కోత తరవాత మేస్త్రీ తెచ్చిన కడ్డీని దిమ్మలోకి చేత్తో తిప్పి చూసేవాడు. గట్టిగా ఉంటే మళ్లీ ఒక పొర. ఆఖరికి కడ్డీ తన బరువుకి తనే తిరుగుతూ దిగింది, ఊపి చూస్తే కదల్లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, బాగుందని కూడా అనుకోలేదు. మేస్త్రీ దిమ్మను లుంగీ అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

బ్రేకుల దగ్గర మాత్రం ఆయన నోరు ఊరుకోలేదు. ఈ కారుకి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మాస్టర్ సిలిండరు ఒక్కటే, దారి ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. బ్రేకాయిలు గాల్లో తేమను పీలుస్తుంది. ఉద్దానం గాలి అసలే సముద్రం గాలి. నిలబెట్టిన కారులో ఆ తేమ వీల్ సిలిండర్లను లోపలినుంచి తినేసింది. టార్చి వేసి చూపించాడు: గోడంతా గుంటలు, మసూచి మచ్చలే. వాటిని కోరి ఇత్తడి స్లీవు దిగ్గొట్టించాడు. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు కొత్త రబ్బరు కప్పుల్ని అలవాటు కొద్దీ కిరసనాయిలు డబ్బాలో ముంచబోతే, చేతిమీద ఒక్కటేశాడు. "కిరసనాయిలు తగిల్తే రబ్బరు ఉబ్బుతాది రా గుంటడా! బ్రేకాయిల్లోనే కడగాల!" పక్క షెడ్డులో ఎవరో లారీ డ్రమ్ములోని దుమ్మును కంప్రెసరు గాలితో ఊదేస్తున్నారు. మేస్త్రీ ఎప్పుడూ తడిగుడ్డతోనే తుడుస్తాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఆయనకు ఆ పేరు తెలియదు. గురువు దగ్గు తెలుసు.

లైనరు గురించి ఆయనకు చెప్పడానికి నాకూ ఒక సంగతి ఉంది. జీడిపిక్క తొక్కలో ఉండే ఘాటు నూనెను గట్టిపరిచి, పొడిచేసి, బ్రేకు లైనర్లలో కలుపుతారు. రాపిడి వేడికి లైనరు జారిపోకుండా, కీచుమనకుండా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. పక్కగోడ అవతల ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబరుచుకునేది ఆ నూనెతోనే. పప్పు తీశాక ఆ తొక్కు బస్తాల్లో బండెక్కుతుంది, కొంత బాయిలర్ల కిందికి, కొంత నూనె తీసేవాళ్ల దగ్గరికి. ఎక్కడో లైనరై, అట్టపెట్టెలో, ధర చీటీతో మళ్లీ కాశీబుగ్గకే వస్తుంది. విని మేస్త్రీ లైనరును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "మన తొక్కే మనకి అమ్ముతన్నారన్నమాట" అని షూకి రివెట్టు కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ కుర్రాడికి పని మీద ధ్యాస లేదు. తప్పు అతనిది కాదు. ఉద్దానంలో పదో తరగతి దాటిన కుర్రాడికి వెల్డింగు కోర్సు, పాస్‌పోర్టు, గల్ఫు అన్నదే దారి. వాళ్ల అన్న వెళ్లాడు, ఇంటిమీద స్లాబు పడింది. మేస్త్రీ ఇచ్చే కూలి ఎంతని? నాకు వినబడదనుకుని లారీ డ్రైవరుతో అంటున్నాడు మేస్త్రీ: "నేర్పితే ఎల్లిపోతాడు, నేర్పకపోతే సెడగొడతాడు. మరి నానేటి సెయ్యాల?"

ఈ ప్రశ్నకు జవాబు ప్రభుత్వం దగ్గర లేదు గానీ, పాత కారుకు మాత్రం ఒక దారి ఉంది. 2021లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చన్నారు. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అని ప్రత్యేక అక్షరాలు. రోజూ నడపకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. మావయ్య ఆ నంబరు కోసం ఉవ్విళ్లూరుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇనుముకు ఇచ్చిన మర్యాదలో పావువంతు, దాన్ని నిలబెట్టే చేతికి ఎందుకివ్వరు? ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు ఉంది. మంచిదే. కానీ సుద్దపొడితో పగులు పట్టడం, ఎడమ థ్రెడ్డు చేత్తో సరిచూడటం, ఏ దిమ్మ ఆయిలు తాగుతుందో ఏది గ్రీజు తింటుందో గుర్తుపట్టడం నేర్పడానికి కాశీబుగ్గ మేస్త్రీనో టెక్కలి టర్నరునో వారానికి ఒక పూట పిలిచి, గంటకింతని జీతమిచ్చి, క్లాసు చెప్పమన్నవాళ్లు నాకెవరూ కనబడలేదు. ఇంగ్లండులో ఇదే దిమ్మ గురించి క్లబ్బులవాళ్లు వ్యాసాలు రాసుకుంటారు, కొత్త దిమ్మలు ఇప్పటికీ అమ్మకానికి దొరుకుతాయి. అక్కడ ముచ్చటకు సాగే పని ఇక్కడ పొట్టకూటికి కూడా సాగడం లేదు.

బండి బిగించాక అక్కుపల్లి బీచి రోడ్డు మీద చూశాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టిన తోటల్లో మళ్లీ నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. మేస్త్రీ ఖాళీరోడ్డు చూసి ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టాయి, స్టీరింగు మీదినుంచి రెండు చేతులూ తీసి చూపించాడు, బండి గీత తప్పలేదు. మలుపుల్లో మాత్రం జోరు తగ్గించాడు. హెరాల్డ్‌కి వెనక కమాన్ కట్ట అడ్డంగా ఉంటుంది, దానికి వేలాడే ఇరుసులు రెండుగా ఊగుతాయి. మలుపులో గబుక్కున యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది. ఇలాంటి వెనక ఇరుసు పెట్టినందుకే అమెరికాలో షెవర్లే కోర్వెయిర్‌ను 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉతికేశాడు. స్పిట్‌ఫైర్‌కు దాన్ని 1970 చివర్లో వచ్చిన మోడల్‌లో సరిచేశారు. మద్రాసువాళ్లు 1972లో హెరాల్డ్‌నే గజెల్‌గా మార్చి, ఊగే ఇరుసులు తీసేసి ఒకటే గట్టి ఇరుసు వేశారు. మావయ్య కారుకి ఆ భాగ్యం లేదు. "పెళ్లి ఊరేగింపులో ఎలాగూ ఇరవై దాటరు కదా" అన్నాడు మేస్త్రీ.

లెక్క దగ్గర గొడవైంది. మజూరీ మొత్తం కలిపినా బంపరు పాలిషుకు ఇచ్చినదాంట్లో సగం లేదు. అయినా మావయ్య, "పాత మనిషివి, కాస్త తగ్గించవయ్యా మేస్త్రీ" అన్నారు.

"తగ్గిస్తాను బాబుగారూ" అన్నాడు ఆయన, చేతులు తుడుచుకుంటూ. "ఏ సక్రం ఇప్పీమంటారో సెప్పండి."

మావయ్య మారు మాట్లాడకుండా ఇచ్చేశారు. మేస్త్రీ నోట్లు లెక్కపెట్టి, అందులోంచి టెక్కలి టర్నరుకు ఇవ్వాల్సింది విడిగా తీసి, కుర్రాడి చేతికిచ్చి బస్సెక్కించాడు.