ఆ తెల్ల గీత ఎందుకుంది?

ప్రాగ్‌లో మా ఇంటికి వచ్చే తెలుగు మిత్రులు అల్మారాలో ఉన్న మిగ్-21 బొమ్మను చూడగానే దాదాపు అందరూ అనే మాట ఒకటే: "ఎగిరే శవపేటిక కదూ ఇది!" తప్పు పట్టలేం. మన పేపర్లు ఏళ్ల తరబడి అదే పేరు అచ్చేశాయి, ప్రమాదాలూ అన్ని జరిగాయి. కానీ 1963లో మన వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేదాకా 62 ఏళ్లు సేవ చేసిన విమానం గురించి మనకు తెలిసింది ఆ రెండు మాటలేనా?

చెక్ వాళ్లకు ఇది బాగా తెలిసిన విమానం. 1960ల్లో దీని తొలి రకాల్లో ఒకదాన్ని ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న ఏరో వొదొఖొది కర్మాగారంలోనే తయారు చేశారు. 2005లో గ్రిపెన్ యుద్ధ విమానాలు వచ్చేదాకా ఇక్కడి ఆకాశంలో మిగ్-21లు తిరిగాయి. క్బెలీ విమాన మ్యూజియానికి వెళితే చక్రాల గూళ్లలోకి తొంగిచూసి ఫొటోలు తీసుకోవచ్చు. పైగా స్కేల్ మోడళ్ల ప్రపంచంలో పెద్ద పేరున్న ఎడువార్డ్ కంపెనీ 1989లో పుట్టింది ఈ దేశంలోనే, మోస్త్ పట్టణంలో. నా చేతిలో ఉన్నది వాళ్ల 1/48 కిట్. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లయితే, నా బల్ల మీద అది పదిహేను సెంటీమీటర్లు.

కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలను అతికించి రంగేస్తే ఎవరికైనా మిగ్ లాగే కనిపిస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పల్చటి ఇత్తడి రేకును ఆసిడ్‌తో తొలిచి చేసిన భాగాలు విడిగా దొరుకుతాయి: సీటు బెల్టులు, వాటి బకిళ్లు, కాక్‌పిట్‌లో మీటలు, స్విచ్చులు. కొన్ని ఆవగింజలో సగం ఉంటాయి. గాజు పలక మీద పెట్టి బ్లేడుతో కోయాలి, పట్టకారుతో ఎత్తాలి, సూది మొనతో జిగురు అద్దాలి. పట్టు కాస్త ఎక్కువైతే ముక్క ఎగిరిపోతుంది, ఇక మోకాళ్ల మీద కూర్చుని తివాచీ తడమాల్సిందే. ముక్కు దగ్గర పొడుచుకొచ్చే, విమాన వేగం కొలవడానికి వాడే పిటో గొట్టానికి కిట్‌లోని ప్లాస్టిక్ పుల్ల మరీ లావుగా ఉంటుంది. దాన్ని కోసేసి సన్నటి సిరంజి సూది గొట్టం పెడితే ఆ ముక్కుకు వాడి వస్తుంది.

కాక్‌పిట్‌కు పచ్చా నీలం కలిసిన ఒక వింత రంగు వేయాలి. కంటికి శ్రమ తగ్గుతుందని సోవియట్ వాళ్లు ఎంచుకున్న రంగు అంటారు. ఆ రంగు మీద, పరికరాల బోర్డు మధ్యలో, నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. విమానం అదుపు తప్పి గిర్రున తిరుగుతూ కిందికి పడుతుంటే పైలట్‌కు ఎడమేదో కుడేదో తెలియదు. చేతిలోని కంట్రోల్ స్టిక్ నిజంగా మధ్యలో ఉందో లేదో కూడా తెలియదు. అలాంటప్పుడు స్టిక్‌ను ఆ గీతకు సూటిగా తేవాలి. అందుకే ఆ గీత. సంగతి తెలిశాక దాన్ని నేను వంకరగా వేయలేకపోయాను. మూడు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి వేశాను.

మా మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరి, చాలాకాలం మిగ్‌ల మీదే పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు కాకినాడ దగ్గర ఉంటున్నారు. వీడియో కాల్‌లో చక్రం కాలును చూపించి, దాని పక్కనుంచి వెళ్లే గొట్టం ఎంత లావుండాలని అడిగాను.

"మరీ దారంలా పెట్టకురా. దాంట్లో వెళ్లేది ఆయిల్ కాదు, గాలి. గాలి బ్రేకులు దానికి. స్టిక్ మీదున్న మీట నొక్కితే బుస్సుమనేది. ఆ చప్పుడు వినే మాలో కొందరు బ్రేకు సంగతి చెప్పేసేవారు."

"అయితే నల్ల రబ్బరు రంగేనా మావయ్యా?"

"నలుపే, కానీ కొత్త నలుపు కాదు. దుమ్ము పట్టిన నలుపు."

పాత ఇయర్‌ఫోన్ వైరులోంచి రాగి తీగ లాగి ఆ గొట్టం పెట్టాను. దుమ్ము పట్టిన నలుపే వేశాను.

వివరం అంటే ఎంత ఎక్కువ చేరిస్తే అంత గొప్ప అనుకుంటారు కొందరు. లెక్క చూడండి. రేకుల అతుకు గీతను 0.2 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కి నల్లటి రంగు నింపితే, అసలు విమానం మీద అది దాదాపు సెంటీమీటరు కంత అవుతుంది. ఆ కంతలతో ఏ జెట్టూ ధ్వని వేగాన్ని దాటలేదు. అందుకే నలుపు బదులు బూడిద, గోధుమ కలిపిన పల్చటి రంగు వాడతాను. మెరిసే వార్నిష్ మీద చుక్క తాకిస్తే అదే గీత వెంట పాకుతుంది, మిగిలింది తుడిచేస్తాను. మరకలకూ కారణం ఉండాలి. పొట్ట కింద ఫిరంగి దగ్గర మసి పట్టాలి. ఎగిరేటప్పుడు కారిన నూనె జాడ వెనక్కి వెళ్లాలి, నిలబడి ఉన్నప్పుడు కారింది కిందికి దిగాలి. రెండూ కలగలిపి పూస్తే అది పాత విమానం కాదు, మురికి బొమ్మ.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎందుకుందో తెలియని ముక్కను అతికించను. దానివల్ల పని నత్తనడక నడుస్తుంది, నిజమే. కానీ ఈ అలవాటువల్లే, పేపరు హెడ్డింగు తప్ప ఏమీ తెలియని ఒక విమానంలో కూర్చున్నవాళ్ల గురించీ, దాన్ని తుడిచి, బిగించి పంపినవాళ్ల గురించీ నాకు కొంత తెలిసింది.

మీకూ ఈ సరదా మొదలైతే ఇత్తడి రేకులు తర్వాత కొనుక్కోవచ్చు. మన ఊళ్లలో ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌లుగా చేసి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను అడిగేవాళ్లే తక్కువ. ముందు వాళ్లకు ఫోన్ చేయండి.