ఉర్లాలో బెత్తెడు గోడ

విజయనగరం వద్ద సముద్రతీరపు మార్గాన్ని విడిచి వాయవ్యంగా కొండలలోకి మళ్ళే రైలు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటి రాయపూర్ చేరుకుంటుంది. 1931లో పూర్తయిన ఈ మార్గం ఉత్తరాంధ్ర పల్లెలకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ మధ్య వేసిన నిచ్చెన వంటిది. రైల్వే కొలువుల కోసం, ఆ పిమ్మట కార్ఖానా కూలి కోసం ఎందరో తెలుగువారు ఈ నిచ్చెన ఎక్కి వచ్చి ఇక్కడనే స్థిరపడ్డారు. రాయపూర్ స్టేషను పరిసరాలలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ హఠాత్తుగా శ్రీకాకుళం యాస చెవిని పడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

స్టేషను నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టి ఉత్తరంగా సాగితే ఖమ్‌తరాయి, భన్‌పురి, బీర్‌గావ్ వరుసగా వస్తాయి. అక్కడ రోడ్డుకు పడమటి వైపున ఉన్నది ఉర్లా. ఛత్తీస్‌గఢ్‌ను ‘వరిగిన్నె’ అని పిలుస్తారు. ఒకప్పుడు ఉర్లా కూడా ఆ గిన్నెలో ఒక మెతుకే. ఇప్పుడు చెరువుగట్టు పక్కనే రేకుల షెడ్లు, వాటి వెనుక పొగగొట్టాలు. ఆరబెట్టిన బట్టల మీద, ఇంటి కప్పుల మీద సన్నని నల్లదుమ్ము పేరుకుంటుంది. రాత్రి వేళ ఏదో ఒక షెడ్డు కప్పు కింద నుంచి ఆకాశం ఒక్కసారిగా నారింజరంగుకు తిరిగి, మళ్ళీ చల్లారుతుంది. ఊరివారు తల ఎత్తి చూడరు. ఎక్కడో కొలిమి వంచారని వారికి తెలుసు.

ఈ నేల మీద ఇనుము మూలపురుషుడు భిలాయి. రాయపూర్‌కు పడమటగా ముప్పై కిలోమీటర్ల దూరంలో, సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మించిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. భిలాయి ఒక మహావృక్షమైతే, ఉర్లా దాని నీడలో మొలచిన పొదల గుంపు. ఈ ప్రాంతం ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులలోనే ఇక్కడ చిన్నకార్ఖానాలు వెలిశాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై, రాయపూర్ రాజధాని అయిన తరువాత అవి మరింత చిక్కబడ్డాయి. ఉత్తరాన సిల్‌తరాలో స్పాంజ్ ఐరన్, కోర్బా వైపు నుంచి బొగ్గు, దేశం నలుమూలల నుంచి తుక్కు ఇనుము. ఆయుష్షు తీరిన బస్సుల గుల్లలు, లారీల చట్రాలు, విరిగిన నాగళ్ళు, కూలగొట్టిన వంతెనల కడ్డీలు ఉర్లాకు వచ్చి ఒకటే ద్రవమై, మళ్ళీ ఇళ్ళకప్పులలోకి పోయే ఊచలుగా, కోణపు కమ్ములుగా బయలుదేరుతాయి.

వీటన్నిటినీ కరిగించే కొలిమిని చూసినవారు మొదట నిరుత్సాహపడతారు. మంట లేదు, బొగ్గు లేదు, తిత్తి లేదు. ఇనుప వేదిక మధ్య ఒక గుండ్రని గొయ్యి, అంతే. ఆ గొయ్యి చుట్టూ కనిపించకుండా రాగిగొట్టపు చుట్ట ఒకటి ఉంటుంది. దానిలో విద్యుత్తు క్షణానికి వందల మార్లు దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రం ప్రకారం, చుట్టను తాకకుండానే, గొయ్యిలోని ఇనుములో మరొక విద్యుత్తు పుడుతుంది. ఇనుము తనను తానే కాల్చుకుని కరుగుతుంది. ఈ సూత్రాన్ని నేటి కొలిమి రూపానికి తెచ్చినవారిలో ముఖ్యుడు, 20వ శతాబ్దం తొలి పాదంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన ఎడ్విన్ నార్త్రప్. ఒక టన్ను ఉక్కును కరిగించడానికి సుమారు 600 యూనిట్ల విద్యుత్తు కావాలి. స్పాంజ్ ఐరన్ పాలు పెరిగితే అంతకు మించి కూడా కావాలి.

రాగిచుట్ట తాను కరగకుండా ఉండటానికి దాని బోలులో నిరంతరం నీరు పారుతూ ఉంటుంది. కరెంటు పోయినా ఈ నీరు ఆగరాదు. అందుకే ప్రతి కొలిమికీ ఎత్తున ఒక అత్యవసరపు తొట్టి కట్టి ఉంచుతారు. అంటే ఒక పక్క 1,600 డిగ్రీల ద్రవ ఉక్కు, మరొక పక్క పారే నీరు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ద్రవ ఉక్కు అడుగున అది జరిగితే కొలిమి ఫిరంగి అవుతుంది. ఈ రెంటి నడుమ నిలిచినది పలుగురాతి పొడితో దిమ్మిస చేసిన గోడ ఒక్కటే. దాని మందం బెత్తెడు, మహా అయితే బెత్తెడున్నర.

పనివారు దానిని ‘లైనింగ్’ అంటారు. కొలిమికి ఇనుప చట్రం ఉంది, రాగి ఉంది, లక్షల ఖరీదు చేసే విద్యుత్ పరికరాలున్నాయి. అవి ఏళ్ళ తరబడి ఉంటాయి. నిజానికి కొలిమి అనదగినది మాత్రం ఈ పొడిగోడే. దాని ఆయుష్షు కొద్ది రోజులు. ఒక్కసారి కరిగించి పోయడాన్ని ‘హీటు’ అంటారు. స్పాంజ్ ఐరన్ ఎక్కువగా వాడే కార్ఖానాలలో పది, ఇరవై హీట్లకే గోడ అరిగిపోతుంది. అప్పుడు దానిని పెకలించి కొత్తది కట్టాలి. ఉర్లాలో ఏ రోజున చూసినా ఎక్కడో ఒకచోట ఈ కొలిమి మార్పు జరుగుతూనే ఉంటుంది.

గోడను తినేది వేడి మాత్రమే కాదు. ఈ కథలో తెలుగునాటికి కూడా ఒక పాత్ర ఉంది. ఇనుపరాతిని కరిగించకుండానే, తిరిగే పెద్దగొట్టంలో బొగ్గుతో కలిపి కాల్చి, రాతిలోని ప్రాణవాయువును మాత్రం లాగివేస్తే మిగిలే బెజ్జాల ఇనుమే స్పాంజ్ ఐరన్. బొగ్గుతో దానిని తయారుచేసే విధానాన్ని మన దేశంలో మొదట కార్ఖానా స్థాయిలో నడిపి చూపినది అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలోని స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ సంస్థ 2010లో ఎన్.ఎం.డి.సి.లో విలీనమైంది. పాల్వంచలో నిరూపితమైన విద్య సిల్‌తరాలో వరుసకట్టి నిలబడింది. అయితే ఆ ఇనుములో పూర్తిగా మారని ఆక్సైడు కొంత మిగిలిపోతుంది. అది పలుగురాతితో కలిస్తే 1,200 డిగ్రీల దాపునే కరిగే చిట్టెంగా మారుతుంది. అంటే చౌకగా దొరికే ఇనుము తన వెల తగ్గింపును కొలిమిగోడ నుంచి రాబట్టుకుంటుంది.

ఇందులో ఒక విపరీతం ఉన్నది. గోడ అరిగిన కొద్దీ ద్రవ ఉక్కు రాగిచుట్టకు దగ్గరవుతుంది. విద్యుత్తు మరింత బాగా పట్టుకుంటుంది. గొయ్యి వెడల్పై సరుకు ఎక్కువ పడుతుంది. హీటు త్వరగా దిగుతుంది. కొలిమి ఎన్నడూ లేనంత చక్కగా పనిచేస్తున్నట్లు కనిపించే వేళ, అది అత్యంత ప్రమాదకరమైన వేళ కూడా. మామూలు యంత్రాలు చెడిపోయే ముందు మూలుగుతాయి. ఇది మాత్రం చెడిపోయే ముందు ఉత్సాహం చూపుతుంది.

అందుచేత ఎప్పుడు ఆపాలన్న నిర్ణయమే ఈ వృత్తి అంతటికీ కీలకం. వేదిక మీద నిలబడే మెల్టరు రెండు హీట్ల నడుమ ఖాళీ కొలిమిలోకి నీలి అద్దంలోంచి తొంగి చూస్తాడు. గోడలో ఎక్కడైనా గుంట పడిందా, తక్కినచోటి కంటే నల్లగా ఉన్నదా అని వెతుకుతాడు. నల్లని మచ్చ ఉన్నచోట గోడ పలచబడి, వెనుకనున్న నీటిచుట్ట దానిని చల్లబరుస్తున్నదన్న మాట. ఉక్కు చుట్ట వైపు దారి చేసుకుంటే హెచ్చరించే లీకేజి మీటరు కూడా పక్కనే ఉంటుంది. మరొక వైపు లెక్కలుంటాయి: మార్పుకు పట్టే కాలమంతా ఉత్పత్తి లేదు, అడిగిన సరుకు అందదు. ‘మరొక్క హీటు’ అనే రెండు మాటలు ఈ పరిశ్రమలో ఎంత సులువుగా పలుకుతారో అంత ప్రమాదకరమైనవి. మీటరు పదేపదే కూస్తున్నదని దాని నోరు నొక్కిన చోట తరువాతి మాట కొలిమే మాట్లాడుతుంది. ఆపమనే అధికారం వేదిక మీద నిలబడిన మనిషికి ఉన్న కార్ఖానాకూ, గాజుగదిలో కూర్చున్నవారికి మాత్రమే ఉన్న కార్ఖానాకూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఆపిన తరువాత కొలిమిని కొన్ని గంటలు చల్లారనిస్తారు. చుట్టలో నీరు మాత్రం పారుతూనే ఉంటుంది. ఆ పిమ్మట మనుషులు గొయ్యిలోకి దిగుతారు. లోపలి పొర గాజులా బిగుసుకుపోయి ఉంటుంది; దాని వెనుక సగం గట్టిపడిన పొర; రాగిచుట్టను ఆనుకుని, ఇంకా పొడిగానే ఉన్న మూడవ పొర. ఆ చివరి పొడి వ్యర్థం కాదు. బిగుసుకున్న పొరలో పగులు వచ్చినా అది ముందుకు సాగకుండా ఆపేది ఆ పొడే. ఉలులతో, గాలి సుత్తులతో పొరలను బద్దలు కొడుతుంటే గొయ్యి తెల్లని దుమ్ముతో నిండిపోతుంది.

ఉర్లాలో ద్రవ ఉక్కు కంటే ఈ దుమ్ము గురించే ఎక్కువ భయపడాలి. ఉక్కు భయం అందరికీ కనబడుతుంది. దుమ్ము భయం పదేళ్ళ తరువాత గాని కనబడదు. అధిక ఉష్ణోగ్రత వద్ద పలుగురాయి క్రిస్టోబలైట్ అనే రూపానికి మారుతుంది. పలుగురాతి దుమ్మునూ, క్రిస్టోబలైట్ దుమ్మునూ క్యాన్సరు కారకాలుగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1997లోనే ప్రకటించింది. ఊపిరితిత్తులను మచ్చలు కట్టించి గట్టిపరిచే సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ వ్యాధిని నయం చేసే మందు లేదు. నిరోధించే ఉపాయాలు మాత్రం చాలా మామూలువి: దుమ్మును లాగివేసే గొట్టం, ముఖానికి బిగుతుగా అమరే మంచి ముసుగు, లేదా మనిషి దిగనవసరం లేకుండా పాత గోడను అడుగు నుంచి తోసి బయటపడవేసే యంత్రం. చాలాచోట్ల వీటికి బదులు మెడలోని తువ్వాలు ముక్కుకు చుట్టుకోవడమే కనిపిస్తుంది. తువ్వాలు చెమటను ఆపుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేటంత సన్నని దుమ్మును అది ఆపలేదు. పైగా ఈ పని చేసేది తరచు గుత్తేదారు కూలీలు. దగ్గు మొదలయ్యే నాటికి వారు ఏ కార్ఖానా పుస్తకంలోనూ ఉండరు.

మధ్యాహ్నం పని ఆగితే మూతలు తెరుచుకుంటాయి. వేసవిలో స్థానికులు తెచ్చుకునేది ‘బాసీ’: రాత్రి వండిన అన్నం నీళ్ళలో నానబెట్టి ఉదయానికి పులిసినది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజు. తెలుగు కూలీ దానికి వేరే పేరు పెట్టుకోనక్కరలేదు, అది చద్దన్నమే.

తరువాత నిర్మాణం. మొదట రాగిచుట్టకు నీటి ఒత్తిడి పెట్టి, ఎక్కడా చెమ్మ లేదని నిర్ధారణ చేసుకుంటారు. రాజస్థాన్ వంటి చోట్ల నుంచి సంచులలో వచ్చే పలుగురాతి పొడిలో నూటికి ఒక పాలు అటూ ఇటుగా బోరికామ్లం కలుస్తుంది. పొడిని అతికించేది అదే. ఇనుపరజను మిగలకుండా అయస్కాంతంతో జల్లిస్తారు. అడుగు వేసి, మట్టం చూసి, దాని మీద పలుచని ఇనుప డబ్బా నిలుపుతారు. ఈ డబ్బా నట్టనడుమ నిలవాలి. వేలెడు పక్కకు ఒరిగిందంటే ఒక వైపు గోడ అంత పలచబడినట్లే. అక్కడి నుంచే రేపటి చిల్లు. డబ్బాకూ చుట్టకూ మధ్య సందులో పొడిని నాలుగేసి అంగుళాల చొప్పున పోసి, ఇనుప ముళ్ళకర్రతో పొడిచి గాలి వెళ్ళగొట్టి, దిమ్మిసతో కూరుతారు. కొన్నిచోట్ల కంపన యంత్రం ఆ పని చేస్తుంది. పొరకూ పొరకూ అతుకు కనిపించకూడదు గనుక మొదలుపెట్టిన పని మధ్యలో ఆపరు.

ఉక్కు కోసం మట్టిగోడను బలిపెట్టడం ఈ ప్రాంతాలకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం తయారై పశ్చిమాసియాలో కత్తులుగా మారిన ఉక్కును మట్టిమూసలలో కాచేవారు. మూసను పగలగొడితే గాని ఉక్కు చేతికి వచ్చేది కాదు. మధ్య భారతంలోని అగరియాలు మట్టికొలిమిలో ఇనుపరాతిని కాచి ఇనుము తీసేవారు. 1942లో వెరియర్ ఎల్విన్ వారి మీద ఒక గ్రంథమే వెలువరించాడు. వారూ కొలిమిని మళ్ళీ మళ్ళీ మెత్తుకునేవారే. మార్పల్లా పరిమాణంలోనే.

గోడ నిండిన తరువాత డబ్బాలోకి శుభ్రమైన తుక్కు వేసి నెమ్మదిగా వేడి పెంచుతారు. ఈ మొదటి హీటులో స్పాంజ్ ఐరన్ వేయరు. తడి ఇనుమును, మూసుకుపోయిన సిలిండర్లను, నీరు నిలిచిన గొట్టాలను ఏరి పారవేయడం ఎప్పటికీ అవసరమే, వానకాలంలో మరీను. 573 డిగ్రీల వద్ద పలుగురాయి ఒక్కసారిగా ఉబ్బుతుంది. తొందరపడితే గోడ అక్కడే చిట్లుతుంది. అందుచేత గంటకు వంద డిగ్రీలు, ఆ ప్రాంతాన. 1,500 దాటిన తరువాత ఇనుప డబ్బా కూడా కరిగి ఉక్కులో కలిసిపోతుంది. అచ్చు మాయమవుతుంది, గోడ నిలుస్తుంది. మామూలుగా వాడే వేడి కంటే కాస్త పైకి తీసుకువెళ్ళి కొంతసేపు అక్కడనే నిలిపితే లోపలి పొర గాజుబారుతుంది.

తెల్లవారుజామున కొలిమి వంగుతుంది. షెడ్డు కప్పు కింద నుంచి నారింజ వెలుతురు ఊరి చెరువు మీద పడి, మెల్లగా ఆరిపోతుంది. మెల్టరు నీలి అద్దం నుదుటి మీదికి తోసి, షిఫ్టు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, హీటు సంఖ్య గడిలో 1 వేస్తాడు.