రీలు చివర మిగిలిన రాజ్యం

1975. సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ రాజధాని బాంగీలో 13 ఏళ్ళ కుర్రాడొకడు సొంతంగా ఫోటో స్టూడియో తెరిచాడు. నైజీరియాలో జరిగిన బయాఫ్రా యుద్ధాన్ని కళ్ళారా చూసి, బతికి బయటపడి వచ్చినవాడు. పేరు శామ్యూల్ ఫొస్సో. పగలంతా పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి ఫోటోలు. రాత్రి షట్టరు దించేసరికి రీల్లో నాలుగైదు ఫ్రేములు మిగిలిపోయేవి. తెల్లారితే జనం ఫోటోల కోసం గుమ్మంలో ఉంటారు కాబట్టి రీలు పూర్తికాకపోయినా కడగాల్సిందే. ఆ మిగిలిన ఫ్రేముల్ని పారేయడం ఎందుకని కెమెరా ముందు తనే నిలబడ్డాడు. బెల్‌బాటం ప్యాంటు, ఎత్తు మడమల బూట్లు, నల్లకళ్ళద్దాలు, చెయ్యి నడుం మీద. నైజీరియాలో ఉన్న తనవాళ్ళకి నేను బాగానే ఉన్నానని చెప్పడానికట!

ఆ ఫోటోలు చూశాక నాకు రాత్రి నిద్రపడితే ఒట్టు. ఎంత షోకు, ఎంత ధీమా! ఆఫ్రికా అంటే పత్రికల్లో పొట్టలు ఉబ్బిన పిల్లలు, తుపాకులు, ఎండిన నేల. చిన్నప్పట్నుంచీ మనకి చూపించింది అదే. అవన్నీ ఎక్కడెక్కడినుంచో విమానం దిగినవాళ్ళు తీసిన బొమ్మలు. ఇక్కడ మాత్రం కెమెరా వాడిదే, వేషం వాడిదే, ఎలా కనపడాలన్న నిర్ణయమూ వాడిదే.

ఈ కుర్రాడు పెద్దయ్యాక ఏం చేశాడో చూడండి. 2008లో 'ఆఫ్రికన్ స్పిరిట్స్' అని ఒక వరస తీశాడు. మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్, ఏంజెలా డేవిస్, అందరూ తనే! ఒకదాంట్లో బాక్సర్ మహమ్మద్ అలీ. తెల్ల నిక్కరు, చేతులు వెనక్కి, ఒంట్లో దిగిన బాణాలు, నొప్పితో పక్కకి వాలిన తల. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు అలీ బిరుదు ఊడబీకిన రోజుల్లో, 1968లో, ఒక అమెరికన్ పత్రిక ఆయన్ని క్రైస్తవ అమరుడు సెబాస్టియన్‌లా నిలబెట్టి ముఖచిత్రం వేసింది. ఫొస్సో ఆ ఫోటోని బాణం బాణంతో సహా మళ్ళీ కట్టాడు. వేషం అనుకుని మొదలుపెట్టిన నేను కాసేపటికి అది ఫొస్సోనా అలీనా అన్నది కూడా మర్చిపోయాను.

ఒక తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫొస్సో కంటే ముందు సెదూ కెయితా ఉన్నాడు. మాలి రాజధాని బమాకోలో 1948లో స్టూడియో పెట్టినవాడు. వెనక తెర కోసం మొదట తన మంచం మీది కుచ్చుల దుప్పటే కట్టాడు. రెండు మూడేళ్ళకోసారి తెర మార్చేవాడు. ఏ ఫోటో ఏ కాలానిదో తర్వాత్తర్వాత ఆ తెర మీది పువ్వుల్ని బట్టే గుర్తుపట్టేవాడు. కోటు, చేతి గడియారం, ఫౌంటెన్ పెన్ను, రేడియో, స్కూటరు, అన్నీ స్టూడియోలోనే సిద్ధం. లేనివాళ్ళు కూడా దర్జాగా దిగొచ్చు. పువ్వుల గౌను వేసుకున్న ఇల్లాలు, వెనక పువ్వుల తెర, ఎక్కడ బట్ట అయిపోయి ఎక్కడ గోడ మొదలైందో తెలీదు. ఆ పువ్వుల మధ్య మొహం, చేతులు మాత్రం స్పష్టంగా, నిమ్మళంగా నిలబడతాయి.

1991లో న్యూయార్క్‌లో ఆఫ్రికా కళల ప్రదర్శన పెడితే అందులో ఆయన ఫోటోలు ఉన్నాయి. కింద పేరు లేదు, 'అజ్ఞాత ఫోటోగ్రాఫర్' అని రాశారు! ఆ అజ్ఞాత ఎవరో తేల్చుకుందామని ఆంద్రే మాన్యాన్ అనే ఫ్రెంచి ఆయన బమాకోకి వెళ్ళాడు. అక్కడి మరో ఫోటోగ్రాఫర్ మాలిక్ సిదిబే ఆయన్ని నేరుగా కెయితా దగ్గరికి తీసుకెళ్ళాడు. బమాకోలో అందరికీ తెలిసిన మనిషి న్యూయార్క్‌లో అజ్ఞాత అన్నమాట. 1994లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్ ఆయన ఫోటోలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. అదే ఏడాది బమాకోలో ఫోటోగ్రఫీ ఉత్సవం మొదలైంది, బాంగీ కుర్రాడు ఫొస్సో ప్రపంచానికి తెలిసింది ఆ ఉత్సవంలోనే. దారి చూపిన సిదిబేకి 2007లో వెనిస్ బినాలేలో జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చారు. ఆఫ్రికన్లలోనే కాదు, ఫోటోగ్రాఫర్లందరిలోనూ ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే.

ఇప్పటి తరానికి వద్దాం. ఒమర్ విక్టర్ జోప్, సెనెగల్ వాడు, 1980లో పుట్టాడు. కార్పొరేట్ కొలువు వదిలేసి కెమెరా పట్టాడు. 2014లో 'ప్రాజెక్ట్ డయాస్పొరా' తీశాడు. గత శతాబ్దాల్లో ఆఫ్రికా నుంచి బయటికి వెళ్ళి, బానిసలుగానో రాయబారులుగానో మొదలై పేరు తెచ్చుకున్న వాళ్ళ పాత తైలవర్ణ చిత్రాలు వెతికి, అవే దుస్తులు, అదే భంగిమలో తను నిలబడ్డాడు. జాన్ బాతిస్త్ బెల్లే ఉన్నాడు చూడండి. బానిసగా అమ్ముడై, స్వేచ్ఛ కొనుక్కుని, 1793లో ఫ్రెంచి విప్లవ చట్టసభకి ఎన్నికైనవాడు. 1797 నాటి అసలు చిత్రంలో బెల్లే ఒక పాలరాతి విగ్రహానికి ఆనుకుని ఉంటాడు. జోప్ ఫోటోలో ఆ విగ్రహం లేదు, మోచేతి కింద ఫుట్‌బాల్ ఉంది! మొదట నవ్వొచ్చింది. తర్వాత చురుక్కుమంది. యూరప్ మైదానాల్లో గోలు కొట్టినప్పుడు భుజాలకెత్తుకుని, ఓడిన రోజున కోతికూతలు కూసే జనం గుర్తొచ్చారు. అప్పటి దొరల కొలువుకీ ఇప్పటి క్లబ్బుకీ మధ్య గీత గీసింది ఆ ఒక్క బంతే.

ఆ వరసలో మాలిక్ అంబర్ పేరు చూసి కుర్చీలోంచి లేచాను. మన దక్కన్ వాడు! ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి మారి అమ్ముడై ఇక్కడికొచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, ఔరంగాబాద్‌గా పేరు మారిన ఖడ్కీ నగరాన్ని కట్టించినవాడు. జహంగీరుకి కొరకరాని కొయ్య. యుద్ధంలో పట్టుకోలేక చక్రవర్తి తన ఆస్థాన చిత్రకారుడి చేత అంబర్ తలకి బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. ఆఫ్రికా జాడ హైదరాబాద్‌లోనూ ఉంది. అక్కడ ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ ఎన్ని వేలమంది వెళ్తుంటారో! ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం. సెనెగల్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ ఒకడు మన చరిత్రని వేషం కట్టి చూపిస్తుంటే ఒళ్ళు జలదరించదూ?

ఇంత దూరం వచ్చాక జనేలె ముహోలీ ఎదురయ్యారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర ఉమ్లాజీలో 1972లో పుట్టారు. 'సోమ్న్యామా న్గొన్యామా' అనే వరసలో అన్నీ స్వీయచిత్రాలే, నలుపు తెలుపుల్లో. రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా 365 తీయాలని సంకల్పం. అందులో 'బెస్టర్ 1' దగ్గర ఆగిపోయాను. తల నిండా కిరీటంలా గుచ్చింది బట్టలారేసే క్లిప్పులు. చెవులకి వేలాడేవీ క్లిప్పులే. భుజాల మీద కప్పుకున్న చాపలాంటి దాన్ని పట్టి ఉంచింది కూడా ఓ క్లిప్పు. తెల్లటి పెదాలు. సూటిగా, రెప్ప వాల్చని చూపు. బెస్టర్ ముహోలీ తల్లి. ఒకే తెల్లవాళ్ళ ఇంట్లో 42 ఏళ్ళు పనిమనిషిగా చేసింది. ఆ క్లిప్పులతోనే తల్లికి పట్టాభిషేకం చేశారన్నమాట.

ఆ చర్మం నలుపు చూడాలి! ఫోటో తీశాక కాంట్రాస్టు పెంచి ముహోలీ కావాలనే ఇంకా నల్లగా చేస్తారు. నిగనిగలాడే, వెలుగుని మింగి మళ్ళీ ఇచ్చే నలుపు. మన స్టూడియోల్లో పెళ్ళిచూపుల ఫోటో అంటే అమ్మాయి రంగు తేల్చందే కవరులో పెట్టేవాళ్ళా? నలుపు నారాయణ మెచ్చు అని సామెత చెప్పుకుంటూనే మొహానికి టచప్ చేయించిన జాతి మనది. ఆ స్టూడియో పనితనాన్నే తిరగేసి చూపించారు ముహోలీ.

2006 నుంచి తీస్తున్న 'ఫేసెస్ అండ్ ఫేజెస్' మరో లోకం. స్వలింగ, ట్రాన్స్ నల్లజాతి మనుషుల ముఖాలు గోడ నిండా వరసలు వరసలుగా. మధ్య మధ్య ఖాళీలు వదిలేస్తారు. కొన్ని ఇంకా తీయాల్సినవాళ్ళవి, కొన్ని ఇక లేనివాళ్ళవి. ఇలాంటివి గోడ మీద చూస్తేనే తెలుస్తుంది. 2019లో వెనిస్‌లో నిలువెత్తుకి మించిన ముహోలీ బొమ్మలు పెట్టారు. లండన్ టేట్ మోడర్న్ 2020లో ముహోలీ ప్రదర్శన పెట్టి, 2024లో మళ్ళీ పెట్టింది. అక్కడే 2023లో 'ఎ వరల్డ్ ఇన్ కామన్' పేరుతో 36 మంది ఆఫ్రికా కళాకారుల ఫోటోలు, వీడియోలు ఒకచోట చేర్చారు. లండన్‌లో మీవాళ్ళెవరైనా ఉంటే షోర్‌డిచ్‌లోని ఆటోగ్రాఫ్ గ్యాలరీకి వెళ్ళమనండి. నల్లజాతి ఫోటోగ్రాఫర్ల సంఘంగా 1988లో పుట్టిన సంస్థ. 2018లో జోప్ ఫోటోలు పెట్టింది వాళ్ళే. ప్రవేశం ఉచితం, కాబట్టి సాకులు చెల్లవు.

నాకింకా సగం కూడా కాలేదు. ఘనా పెద్దాయన జేమ్స్ బార్నర్ మిగిలాడు. ఒక వంటింటి బల్ల, పైన ఒకే దీపం పెట్టుకుని 20 ఫోటోల్లో ఒక స్త్రీ జీవితమంతా చెప్పిన అమెరికన్ కారీ మే వీమ్స్ మిగిలింది. ఎక్కడ మొదలుపెట్టాలని మాత్రం అడక్కండి. వీళ్ళలో ఎవరో ఒకర్ని పట్టుకోండి చాలు. మిగతావాళ్ళ గుమ్మం దాకా వాళ్ళే తీసుకెళ్తారు.