హెడ్డు కొన్నాక గుర్తొచ్చే పెట్టె

మా మేనల్లుడు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో గిటారు యాంప్లిఫయర్ హెడ్డు కొన్నాడు. 50 వాట్లది, వాల్వులతో పనిచేసే ఇంగ్లండు రకం. చేతిలో ఉన్న డబ్బంతా దానికే పోసేశాడు. ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి, ఫొటోలు తీసి, స్నేహితులందరికీ పంపాక అప్పుడు గుర్తొచ్చింది స్పీకరు సంగతి. హెడ్డు అంటే ఒట్టి యాంప్లిఫయరే, అందులో స్పీకరుండదు. దాన్ని మోగించాలంటే క్యాబినెట్ అని విడిగా ఓ పెట్టె కావాలి. దిగుమతి పెట్టెల ధరలు చూసి గుండె జారిపోయి నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, కోఠీలో స్పీకరు పెట్టెలు కట్టే ఆయనెవరో నీకు తెలుసన్నావు కదా, తీసుకెళ్లవా?"

గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీ పట్టీలూ, సీసీ కెమెరాలూ, చార్జర్లూ వేలాడే దుకాణాలు దాటుకుని సందులోకి తిరిగితే మేస్త్రి కొట్టు. నేను టేప్‌రికార్డరు కొనుక్కున్న రోజుల నుంచీ ఎరిగిన మనిషి. కొట్టు వెడల్పు రెండు బారలుండదు. లోపల సగం స్పీకర్లు, సగం ప్లైవుడ్డు. ఫెవికాల్, స్పిరిట్ కలిసిన వాసన.

మేం వెళ్లేసరికి ఆయన ఒళ్లో ఒక పదిహేను అంగుళాల స్పీకరు ఉంది. కాలిపోయిన కోన్ అప్పటికే కోసేశారు. బాస్కెట్ అంచుకు పట్టిన పాత జిగురు చాకుమొనతో గీకుతూ, తల ఎత్తకుండానే మమ్మల్ని కూర్చోమన్నారు. మాస్కింగ్ టేపు ముక్కను మడిచి, అయస్కాంతం మధ్య ఉండే సన్నటి గాడిలోకి దూర్చి, గుండ్రంగా తిప్పి లాగారు. టేపుకు నల్లటి రజను అంటుకొచ్చింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క. టేపు తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. ఆ గాడిలో రజను నలుసంత మిగిలినా కాయిల్ దానికి రాసుకుంటుంది, స్పీకరు గరగరమంటుంది. గాడి శుభ్రమయ్యాక కొత్త కాయిల్ దించి, దాని చుట్టూ లోపలివైపు సన్నటి పట్టీలు నిలబెట్టారు. పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి కత్తిరించిన పట్టీలవి. ఒకదాని మీద ఎవరిదో పక్కటెముక కనిపిస్తూనే ఉంది. కాయిల్ గాడికి సరిగ్గా నడుమ నిలబడటానికి ఆ పట్టీలే ఆధారం. ఆ పైన స్పైడర్‌కు జిగురు, కోన్ అంచుకు జిగురు, రాత్రంతా ఆరబెట్టడం. మర్నాడు పట్టీలు లాగేసి డస్ట్ క్యాప్ అతికిస్తారు.

ముందురోజు ఆరబెట్టిన స్పీకరొకటి పక్కనే ఉంది. దాని పట్టీలు లాగేసి, పది వేళ్లూ కోన్ మీద గుండ్రంగా పరిచి, మెల్లగా లోపలికి నొక్కి వదిలారు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కారు. నాకేం వినపడలేదు. ఆయనకూ వినపడలేదనుకుంటా, తృప్తిగా తలాడించారు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీసి రెండు తీగలకూ తాకించారు. కోన్ టప్పున ముందుకు గెంతింది. ముందుకు గెంతితే ప్లస్ ప్లస్సే అన్నట్టు. రెండు స్పీకర్లున్న పెట్టెలో ఒకదానికి తీగలు తారుమారైతే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, అడుగు స్వరాలు గాల్లోనే చచ్చిపోతాయి. ఈ పరీక్షకు ఆయన దగ్గరున్న పరికరం ఆ బ్యాటరీ ఒక్కటే.

అప్పుడు అడిగారు మావాణ్ని: "హెడ్డు ఎనక ఎన్ని ఓమ్ములు రాసున్నది తమ్మీ?"

"నాలుగు, ఎనిమిది, పదహారు. మూడూ ఉన్నాయంకుల్."

"స్పీకర్ లేకుండ ఆన్ చేసినవా?"

"వాల్వులు వెలుగుతున్నాయా లేదా అని ఒకసారి వేశాను. స్టాండ్‌బై మాత్రం తియ్యలేదు."

"బతికిపోయినవ్ పో. అది తీసి తీగ మీటుంటే ట్రాన్స్‌ఫార్మర్ పోతుండె."

ఆ మాటకు వాడి మొహం చూడాలి. వాల్వు యాంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అవతల స్పీకరు లేకపోతే వచ్చిన శక్తికి పోయే దారి ఉండదు. వోల్టేజీ పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలనో, వాల్వుల సాకెట్లనో కాల్చేస్తుంది. పెట్టె ఎనిమిది ఓమ్ములదైతే హెడ్డు వెనక ఎనిమిది ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. గిటారుకు వాడే సన్న కేబుల్ ఇక్కడ పనికిరాదు, లావుపాటి స్పీకరు వైరుండాలి. ఈ సంగతులేవీ హెడ్డు అమ్మినవాడు చెప్పలేదు. కొన్నవాడు అడగనూ లేదు. వాడి ధ్యాసంతా ముందుపక్క బంగారు రంగు పలక మీదే ఉన్నట్టుంది.

మావాడు కాగితం తీశాడు. అందులో నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లున్న పెద్ద పెట్టె బొమ్మ, కొలతలతో సహా. రాక్ కచేరీల ఫొటోల్లో గిటారిస్టు వెనక గోడలా కనిపించేది అదే. దాని పుట్టుక తెలిస్తే వాడికి ఆ బొమ్మ మీద అంత భక్తి ఉండేది కాదేమో. లండన్ పక్క హాన్‌వెల్‌లో డ్రమ్ములు వాయించి, డ్రమ్ములు అమ్మిన జిమ్ మార్షల్ 1962లో యాంప్లిఫయర్లు మొదలుపెట్టాడు. అప్పటి పన్నెండంగుళాల స్పీకర్లు ఎక్కువ వాట్లు తట్టుకునేవి కావు. రెండు పెడితే పేలిపోతున్నాయని నాలుగు పెట్టాడు. ఆ నాలుగూ పట్టే చిన్న పెట్టె ఎంతుంటే అంతే కొలత. ద హూ బృందం పీట్ టౌన్‌షెండ్ ఎనిమిది స్పీకర్ల పెట్టె కావాలంటే అదీ కట్టి ఇచ్చారు. మోసేవాళ్ల నడుములు విరుగుతుంటే దాన్నే రెండు పెట్టెలుగా చేసి ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. లెక్కలు వేసి కనిపెట్టిందేం కాదు. వడ్రంగి సౌకర్యం, మోతగాళ్ల నడుమునొప్పి కలిసి తయారుచేసిన ఆకారం. అరవై ఏళ్లు విన్నాక మన చెవులు అదే గిటారు గొంతు అనుకున్నాయి.

మేస్త్రి ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "యాడ వాయిస్తవ్? ఎంత మందితోని?" అన్నారు.

ఆదివారం చర్చిలో. మిగతా రోజులు కూకట్‌పల్లిలో మూడో అంతస్తు గదిలో, లిఫ్టు లేదు. ఎప్పుడైనా కాలేజీ స్టేజీ మీద.

"నాలుగు స్పీకర్లది 35 కిలోల పైన్నే తూగుతది. మూడంతస్తులు ఎవలు మోస్తరు? మీ మామనా?"

ఆ ఒక్క మాటతో నేను ఆయన పక్షం చేరిపోయాను. బరువొకటే కాదు కారణం. నాలుగు స్పీకర్ల మూసిన పెట్టె ఎదురుగా నిలబడ్డవాడి చెవులు చిల్లులు పొడుస్తుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే మొద్దుబారి వినిపిస్తుంది. చర్చిలో పాస్టరుగారు ఎదురుగా ఉంటారు, పాడేవాళ్లు పక్కన ఉంటారు. ఒకరికి తలనొప్పి, మరొకరికి ఏమీ వినపడదు. వెనక తెరిచిన పెట్టె అయితే శబ్దం గోడకు తగిలి గదంతా పరుచుకుంటుంది కానీ అడుగు బలం తగ్గుతుంది. మేస్త్రి తేల్చింది ఇదీ: రెండు స్పీకర్లు, మూసిన పెట్టె, వెనక చెక్క మధ్యభాగం మరలు విప్పి తీసేలా. చర్చిలో తీసేస్తాడు, స్టేజీ మీద బిగిస్తాడు.

ఖర్చు తగ్గించుకుందామని మావాడు ఆయన ఒళ్లో ఉన్న వూఫర్ వైపు చూపించాడు. "ఇలాంటివే రెండు పెడితే?" ఆయన నవ్వారు. "బండ లాగే ఎద్దును తెచ్చి సవారి బండికి కడ్తవా?" డీజే వూఫర్ కోన్ బరువు, కదలిక లోతు. గిటారు స్పీకరు కోన్ పల్చన, అంచు కూడా కాగితమే. గిటారు అడుగు తీగ శ్రుతి 82 హెర్ట్జ్, అంతకన్నా లోతుకు దిగే పని దానికి లేదు. పైన 5,000 హెర్ట్జ్ దాటేసరికి ఆ స్పీకరు చేతులెత్తేస్తుంది. ఆ చేతకానితనమే గిటారుకు అందం. అదే హెడ్డును ట్వీటరున్న పీఏ పెట్టెకు తగిలించి గెయిన్ పెంచండి, రంపం కోతలా ఉంటుంది. గుంటూరు, బెజవాడ ఆర్కెస్ట్రాల్లో గిటారును నేరుగా మైకుసెట్టు యాంప్లిఫయర్‌కే తగిలించి వాయించేవారు. కుర్రకారు కొనుక్కున్న డిస్టార్షన్ పెడల్ ఊళ్లో ఎవరికీ నచ్చకపోవడానికి సగం కారణం ఇదే. నింద మాత్రం వాయించేవాడి మీద పడేది.

ఇప్పుడు స్పీకర్ల ఎంపిక. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ కంపెనీ సెలెస్టియన్ చేసేవే అందరి నోటా వినిపించే పేర్లు. మావాడికి గ్రీన్‌బ్యాక్ కావాలి. అయస్కాంతం మీద ఆకుపచ్చ మూత ఉంటుంది, 25 వాట్లు, సెన్సిటివిటీ 98 డెసిబెల్స్. రెండు కలిపితే 50, హెడ్డు కూడా 50, లెక్క సరిపోయిందన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. హెడ్డు మీద 50 అని రాసున్నా, నాబ్ చివరిదాకా తిప్పితే అది దాటుతుంది. కాలిన కోన్లు తన దగ్గరికే వస్తాయి కదా, ఆయనకు తెలీదా? వింటేజ్ 30 పెట్టమన్నారు. పేరులో ముప్ఫై ఉన్నా 60 వాట్లు తట్టుకుంటుంది, 100 డెసిబెల్స్. ఆ రెండు డెసిబెల్స్ తేడాను చిన్నచూపు చూడకూడదు. మూడు డెసిబెల్స్ పెరగాలంటే యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు కావాలి మరి. పదహారు ఓమ్ములవి రెండు పక్కపక్కన కలిపితే పెట్టె ఎనిమిది ఓమ్ములవుతుంది. చర్చికి అంత మోత ఎందుకన్నాను నేను. "నాబ్ ఉన్నది గద సార్, తగ్గిస్తడు" అన్నారు. తగ్గిస్తాడని నాకు నమ్మకం లేదు. ఈ వాదనలో మాత్రం నేను మావాడి గ్రీన్‌బ్యాక్ వైపే.

చెక్క దగ్గర ఆయన చేతులు మళ్లీ చూడాల్సి వచ్చింది. రెండు ప్లైవుడ్డు ముక్కలు తీసి, వేలి కణుపుతో తట్టుకుంటూ పోయారు. ఒకటి మొదలు నుంచి చివరిదాకా ఒకే చప్పుడు. రెండోది ఒకచోట బోలుగా పలికింది. లోపలి పొరల్లో అతుకు పడనిచోట సందు ఉంటుంది, తీగ మీటినప్పుడల్లా అక్కడ బుర్రుమంటుంది. 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై అయితే మేలు. ఎండీఎఫ్ బరువు, తడి తగిలితే ఉబ్బుతుంది. మూలలు మేకులతో కాదు, వేళ్లలో వేళ్లు దూర్చినట్టు కోసి, జిగురు పెట్టి బిగిస్తారు. అలా బిగించిన పాత పెట్టె మూల మీద నన్ను చెయ్యి పెట్టి చూడమన్నారు. అతుకు ఎక్కడుందో వేలికి దొరకలేదు.

నాకు చిర్రెత్తేది ఇక్కడే. బొబ్బిలిలో పనసదుంగ తొలిచి వీణ చేసే కుటుంబాల గురించి మనం వ్యాసాలు రాస్తాం, దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పండగ చేసుకుంటాం. చేసుకోవాల్సిందే. కానీ వీణ కుండ ఎంత శబ్దశాస్త్రమో ఈ పెట్టె కూడా అంతే. చెక్క, గాలి, అతుకు, చెవి. ఈయన్ని మాత్రం 'రిపేరు కొట్టాయన' అంటాం. నేను చూసిన సంగీత కళాశాలల్లో వాయిద్యం నేర్పుతారు, పాట నేర్పుతారు. ఆ పాట ఏ పెట్టెలోంచి జనం చెవిన పడుతుందో ఎవరికీ పట్టదు. ఫలితం ప్రతి సభలోనూ వింటున్నాం. మహా విద్వాంసుడి వయొలిన్ కూడా తగరపు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

ఆయనకు కూడు పెట్టింది గిటార్లూ వీణలూ కావు, డీజే పెట్టెలు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించాక ఆ బేరాలు పల్చబడ్డాయి. ఆ మాట అడిగితే, "బందు పెట్టుడు మంచిదే సార్, గుండెలు అదురుతుండె. నాక్కూడ ఒక చెవు తగ్గింది" అన్నారు. మా పక్కనే నిలబడ్డ డీజే కుర్రాడు ఆ మాట విని, తన వూఫర్ సాయంత్రానికి కావాలని గొడవపడటం మొదలుపెట్టాడు. జిగురు ఆరాలంటే రాత్రి కావాలంటే వినడు. హెయిర్ డ్రయర్ పెట్టమంటాడు!

ఇక మావాడి స్నేహితులకు పెట్టే అక్కర్లేదట. ఏదో ప్రసిద్ధ క్యాబినెట్ ముందు మైకు పెట్టి, దాని స్పందనను చిన్న ఫైలుగా పట్టేస్తారు, ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. కంప్యూటరులో వేసుకుంటే హెడ్‌ఫోన్‌లో ఆ పెట్టె మోగుతుంది. అపార్టుమెంటులో పక్కింటివాళ్లతో తగవు రాకుండా ఉండటానికి మంచి ఉపాయమే, కాదనను. కానీ ఆ ఫైలు పుట్టాలంటే ముందు ఎవరో ఒకరు పెట్టె కట్టాలి కదా. కోఠీ సందులో కట్టిన పెట్టెను ఎవరు ఫైలుగా పడతారు? ఈయన కొడుకు సెల్‌ఫోన్ స్క్రీన్లు మారుస్తాడు. తప్పేముంది, నాలుగు రాళ్లొస్తాయి. ఎక్స్‌రే ఫిల్ము పట్టీ ఎంత మందం ఉండాలో మాత్రం ఆ కుర్రాడు నేర్చుకోలేదు. ఎక్స్‌రేలు కూడా ఇప్పుడు కంప్యూటర్లలోకే వెళ్లిపోయి, పాత ఫిల్ములు దొరకడం లేదని మేస్త్రి బాధ.

అడ్వాన్సు ఇచ్చి లేవబోతుంటే మావాడు నసుగుతూ ఇంకో కోరిక బయటపెట్టాడు. పెట్టె ముందు గుడ్డ మీద హెడ్డు కంపెనీ పేరు పలక అతికించొచ్చా అని. పక్క సందులో అమ్ముతారట. నాకు ఒళ్లు మండింది. "కట్టేది ఆయనైతే వాళ్ల పేరెందుకురా? మేస్త్రీ, మీ పేరే వేయండి" అన్నాను.

"వద్దు సార్" అన్నారాయన, నోట్లు లెక్కపెట్టుకుంటూ. "నా పేరుంటే రేపు అమ్మేటప్పుడు రేటు పడిపోతది. పలక తెచ్చుకో తమ్మీ, గుడ్డ బిగించే ముంగటనే తెచ్చియ్యి."